జవాబు చెప్పడానికీ వెల చెల్లించాలా?

చిట్యాల నుండి ఒక పాఠక సోదరుడు గత నెల మాకు ఉత్తరం రాశారు. హైదరాబాద్–విజయవాడ రహదారి పక్కన ఆయనకు ఒక చిన్న దుకాణం ఉంది. రాత్రి ఇషా నమాజు ముగిశాక ఊరి సంగతులూ, మన సముదాయానికి సంబంధించిన విషయాలూ తన ఫేస్‌బుక్ పేజీలో రాస్తుంటారు. ఒక ఖబరస్తాన్ స్థలం గురించి ఒక దినపత్రికలో వార్త వచ్చింది. అందులో చెప్పిన విస్తీర్ణం, సర్వే నంబరు తప్పని చూపించే కాగితాలు ఆయన దగ్గర ఉన్నాయి. ఆ వార్తలోని నాలుగు వాక్యాలను పత్రిక పేరుతో, తేదీతో సహా ఉదహరించి, ఒక్కొక్క వాక్యం కింద తన పత్రాల ఆధారంగా జవాబు రాశారు.

వారం తిరగకముందే ఆయనకు ఒక సందేశం వచ్చింది. మా వార్తను అనుమతి లేకుండా వాడుకున్నారు, రుసుము చెల్లించండి, లేదా తొలగించండి, లేకపోతే కోర్టుకు వెళతామన్నది దాని సారాంశం. కోర్టు అన్న మాట వినగానే ఇంట్లోవాళ్లు భయపడ్డారు. ఆయన తన రాతను తొలగించారు. ఇప్పుడు తప్పు వార్త ఉన్నచోటే ఉంది. దానికి ఇచ్చిన జవాబు మాత్రం ఎక్కడా లేదు. ఉత్తరం చివర ఆయన ఒక ప్రశ్న అడిగారు: “పత్రిక రాసింది తప్పని చెప్పాలంటే, అది ఏం రాసిందో చెప్పకుండా ఎలా చెప్పను?”

ఈ ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పవలసిన బాధ్యత మాపై ఉంది. ఇది ఒక్క చిట్యాల సమస్య కాదు. ఇవాళ మన పిల్లలు వందల సంఖ్యలో ఫేస్‌బుక్‌లో రాస్తున్నారు, యూట్యూబ్‌లో మాట్లాడుతున్నారు. వార్తా సంస్థల మాటలను ఎంతవరకు ఉదహరించవచ్చు, ఎక్కడ అనుమతి తీసుకోవాలి, ఎప్పుడు డబ్బు చెల్లించాలి అన్న విషయాలు తెలియక కొందరు హద్దు దాటుతున్నారు. మరికొందరు హద్దు చాలా దూరంలో ఉండగానే భయపడి నోరు మూసుకుంటున్నారు. ఈ రెండూ మనకు నష్టమే.

ఈ హక్కు అందరిదీ. అయితే మైనారిటీలకు దీని అవసరం మరింత ఎక్కువ. వార్తలు రాసేవారిలో మనవారు తక్కువ, వార్తలకు ఎక్కేవారిలో మాత్రం మనం తరచూ ఉంటాం. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ తరువాత పలువురు ముస్లిం యువకులను అనుమానితులుగా పట్టుకున్నారు. విచారణకు ముందే వారిని దోషులుగా చూపిన కథనాలను హైదరాబాద్ ప్రజలు మరచిపోలేదు. తరువాత కోర్టులు వారిని నిర్దోషులుగా విడుదల చేశాయి. అప్పటి రాష్ట్ర ప్రభుత్వమే బాధితులకు పరిహారం ప్రకటించవలసి వచ్చింది. 2020లో కరోనా వ్యాప్తికి తబ్లీగీ జమాతే కారణమన్నట్టు వార్తలు ఊరూరా పాకాయి. అదే సంవత్సరం ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం 29 మంది విదేశీయులపై పెట్టిన కేసులను కొట్టివేసింది. మర్కజ్‌కు వచ్చినవారికి వ్యతిరేకంగా పత్రికల్లో, టీవీల్లో పెద్ద ఎత్తున ప్రచారం జరిగిందని ఆ తీర్పులో స్పష్టంగా పేర్కొంది.

ఈ రెండు సందర్భాల్లోనూ ఏ పత్రిక ఏ రోజున ఏమి రాసిందో, ఏ చానెల్ ఏమి చెప్పిందో దాచిపెట్టి చూపినవారి వల్లనే నిజం నిలబడింది. తప్పు రాతను వేలుపెట్టి చూపాలంటే ఆ రాతను ముందుకు తేవాలి. అందుకు కూడా రాసినవారికే వెల చెల్లించాలంటే, అన్యాయానికి గురైనవాడు తన ఫిర్యాదు వినిపించడానికి ఎదుటివాడికే రుసుము కట్టినట్టవుతుంది.

మన ప్రాంతానికి జవాబు చెప్పే సంప్రదాయం కొత్తది కాదు. 1922లోనే నల్లగొండ నుండి ‘నీలగిరి’ పత్రిక వెలువడింది. పాలమూరు నేలకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో ‘గోలకొండ’ పత్రికను స్థాపించారు. తెలంగాణలో కవులే లేరని ఎవరో రాసినప్పుడు ఆయన ఊరుకోలేదు. ఆ మాటను అందరి ముందూ పెట్టి, 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ ప్రచురించి బదులు చెప్పారు. ఆక్షేపణ ఏమిటో చెప్పనివ్వకపోతే ఆ సంచికకు అర్థమే ఉండేది కాదు.

ఇక చట్టం ఏమంటుందో చూద్దాం. మన దేశంలో ఈ విషయాన్ని నిర్ణయించేది 1957 నాటి కాపీరైట్ చట్టం. అమెరికాలో ‘ఫెయిర్ యూజ్’ అనే దానిని మన చట్టం ‘ఫెయిర్ డీలింగ్’ అంటుంది. న్యాయమైన వినియోగమని చెప్పుకోవచ్చు. చట్టంలోని 52వ సెక్షన్ ఏయే పనులు కాపీరైట్ ఉల్లంఘన కావో వరుసగా చెబుతుంది. ఆ జాబితాలో మొట్టమొదటిదే మనకు ముఖ్యం. సొంత వినియోగం, పరిశోధన కోసం, ఒక రచనను గానీ మరో రచనను గానీ విమర్శించడం, సమీక్షించడం కోసం, వర్తమాన సంఘటనలను నివేదించడం కోసం ఇతరుల రచనను న్యాయమైన మేరకు వాడుకోవడం నేరం కాదు. దీనికి ముందస్తు అనుమతి అక్కరలేదు, రుసుమూ అక్కరలేదు. చిట్యాల సోదరుడు చేసినది విమర్శే. అదీ నాలుగు వాక్యాల మేరకే.

న్యాయమైన మేర అంటే ఎన్ని పదాలు? చట్టం ఏ సంఖ్యనూ చెప్పలేదు. కోర్టులు సందర్భాన్ని చూస్తాయి. ఎందుకు వాడుకున్నారు, ఎంత వాడుకున్నారు, ఆ వాడకం వల్ల అసలు రచన అమ్మకం దెబ్బతిన్నదా అన్నవి ప్రధానమైన ప్రశ్నలు. మొత్తం వార్తను దించి, చివర ‘ఇది తప్పు’ అని ఒక్క ముక్క రాస్తే అది విమర్శ కాదు. నాలుగు వాక్యాలు తీసుకొని నలభై వాక్యాల్లో జవాబు చెబితే అది విమర్శే.

మరో మూడు సంగతులు కూడా గుర్తుంచుకోవాలి. ఒకటి, వాస్తవాలకు కాపీరైట్ లేదు. ఆలోచనకు, ఇతివృత్తానికి, చారిత్రక వాస్తవానికి కాపీరైట్ ఉండదని, వాటిని చెప్పిన తీరుకే ఉంటుందని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. ఫలానా చోట ఫలానా సంఘటన జరిగిందన్న సమాచారాన్ని ఎవరైనా తమ మాటల్లో రాయవచ్చు. రెండు, కోర్టు తీర్పులను, శాసనసభల ముందు ఉంచిన కమిటీల, కమిషన్ల నివేదికలను, ప్రత్యేకంగా నిషేధిస్తే తప్ప, ప్రచురించుకోవడానికి 52వ సెక్షన్ అనుమతిస్తుంది. 2006 నవంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన సచార్ కమిటీ నివేదికలోని అంకెలను ఉదహరించడానికి ఏ పత్రికనూ అడగనవసరం లేదు. మూడు, వర్తమాన ఆర్థిక, రాజకీయ, సామాజిక, మత విషయాలపై వచ్చిన వ్యాసాన్ని, రచయిత ఆ హక్కును తనకే ఉంచుకున్నానని స్పష్టంగా ప్రకటించకపోతే, మరో పత్రిక పునర్ముద్రించుకోవచ్చు. పునర్ముద్రణ హక్కులు రచయితవే అన్న పంక్తి ఉందో లేదో చూడకుండా దేనినీ ముట్టుకోరాదు.

ప్రపంచం అంగీకరించిన బెర్న్ ఒప్పందంలోనూ ఇదే స్ఫూర్తి ఉంది. అందులో మన దేశమూ భాగస్వామి. సక్రమంగా ప్రచురితమైన రచన నుండి అవసరమైన మేరకు ఉదహరించే హక్కును ఆ ఒప్పందం గుర్తిస్తూ, పత్రికా వ్యాసాలను కూడా అందులో ప్రత్యేకంగా చేర్చింది.

అయినా పదాలకు ధర కట్టే ప్రయత్నాలు జరుగుతూనే ఉన్నాయి. 2008లో అమెరికాకు చెందిన అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ డ్రడ్జ్ రిటార్ట్ అనే చిన్న వెబ్‌సైట్‌కు తాఖీదులిచ్చింది. వివాదమంతా ఏడు ఉల్లేఖనల గురించి. అవి 39 నుండి 79 పదాలకు మించవు. అదే కాలంలో ఆ సంస్థ ఉల్లేఖనలకు ధరల పట్టిక కూడా పెట్టింది. 5 నుండి 25 పదాలకు పన్నెండున్నర డాలర్లు! దేశదేశాల్లో రాసేవారు దీనిని నిరసించారు. చివరకు ఆ వివాదం కోర్టు గడప ఎక్కకుండానే సర్దుబాటైంది. అయితే ఐదు పదాలకు వెల కట్టవచ్చునన్న ఆలోచన మాత్రం అంతటితో అంతం కాలేదు.

2025 మేలో మన దేశంలో అటువంటి వివాదమే రేగింది. తమ వీడియోల్లో కొన్ని సెకన్ల దృశ్యాలను వాడినందుకు ఏఎన్ఐ వార్తా సంస్థ కాపీరైట్ స్ట్రైకులు వేసిందని, వాటిని ఎత్తివేయడానికి లక్షల రూపాయల లైసెన్సు రుసుము అడిగిందని మోహక్ మంగళ్ అనే యూట్యూబరు, మరికొందరు ఆరోపించారు. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే చానెల్‌నే మూసివేయవచ్చునన్నది యూట్యూబ్ నియమం. తమ సొత్తును చట్టబద్ధంగా కాపాడుకుంటున్నామని ఏఎన్ఐ వాదించింది. ఢిల్లీ హైకోర్టులో పరువునష్టం దావా కూడా వేసింది. ఆ వివాదంలో ఎవరిది న్యాయమో తేల్చడం మా పని కాదు. మనం గమనించవలసిన అంశం వేరు. వాడకం న్యాయమైనదా కాదా అని నిర్ణయించవలసింది న్యాయస్థానం. కానీ స్ట్రైకు పడిన క్షణం నుండి భయం పని చేయడం మొదలుపెడుతుంది. సంవత్సరాల శ్రమ ఒక్క రోజులో పోతుందేమోనన్న భయంతో మనిషి తన హక్కును వదులుకుంటాడు. చిట్యాలలో జరిగిందీ ఇదే. అక్కడ తీర్పు ఎవరూ ఇవ్వలేదు. ఒక్క సందేశమే తీర్పు అయి కూర్చుంది.

అలాగని వార్తా సంస్థల గోడును కొట్టిపారేయడం న్యాయం కాదు. వార్త ఆకాశం నుండి ఊడిపడదు. విలేకరి ఎండలో వానలో తిరగాలి, ఫొటోగ్రాఫరు గంటల తరబడి కాచుకోవాలి, సబ్ఎడిటరు అర్ధరాత్రి దాకా కూర్చోవాలి. వీటన్నిటికీ డబ్బు కావాలి. ఆ శ్రమను గంపగుత్తగా తీసుకొని దాని మీద వ్యాపారం చేసేవారు చెల్లించి తీరాలి. తన వార్తలను అనుమతి లేకుండా కృత్రిమ మేధ శిక్షణకు వాడుకున్నారంటూ ఏఎన్ఐ 2024 నవంబరులో ఓపెన్ఏఐ మీద ఢిల్లీ హైకోర్టులో దావా వేసింది. ఆస్ట్రేలియా 2021లో, కెనడా 2023లో చట్టాలు చేసినదీ గూగుల్, ఫేస్‌బుక్ వంటి భారీ సంస్థల చేత వార్తా సంస్థలకు డబ్బు చెల్లింపజేయాలనే. అయితే కెనడాలో మెటా సంస్థ డబ్బు చెల్లించే బదులు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో వార్తలనే నిలిపివేసింది. ఆ దెబ్బ పాఠకులకు, చిన్న పత్రికలకు తగిలింది.

ఈ విషయంలో యూరప్ 2019లో పాటించిన వివేకం మనకు ఆదర్శం కావాలి. వార్తా ప్రచురణకర్తలకు కొత్త హక్కు ఇస్తూనే, విడి పదాలకు, అతి చిన్న ఉల్లేఖనలకు, లింకులకు, వ్యాపార దృష్టి లేకుండా వ్యక్తులు చేసుకునే వాడకానికి ఆ హక్కు వర్తించదని అక్కడి చట్టం మినహాయించింది. కోట్ల పేజీలను మింగే యంత్రాన్నీ, నాలుగు వాక్యాలు ఉదహరించి జవాబు రాసే దుకాణదారునీ ఒకే తక్కెడలో తూచకూడదు. మా వాదన సారాంశం ఇదే. మొత్తంగా తీసుకొని లాభపడేవాడు వెల చెల్లించాలి. జవాబు చెప్పడానికి, తప్పు చూపడానికి అవసరమైనంత ఉదహరించేవాడికి వెల ఉండకూడదు.

ఇక మన తప్పుల గురించి కూడా మాట్లాడుకోవాలి. తెల్లవారేసరికి మన వాట్సాప్ గ్రూపుల్లో దినపత్రికల పీడీఎఫ్‌లు పూర్తిగా తిరుగుతుంటాయి. వ్యాసం మొత్తాన్ని దించి, రచయిత పేరు కోసేసి, కింద మన పేరు పెట్టుకొని పంపేవారున్నారు. స్థానిక విలేకరి తీసిన ఫొటో మీద తమ చానెల్ ముద్ర వేసుకునేవారున్నారు. మండల కేంద్రాల్లో పనిచేసే విలేకరుల్లో చాలామందికి స్థిరమైన జీతం ఉండదు. అటువంటివాని కష్టాన్ని ఎత్తుకుపోవడం ఏ విధంగా మైనారిటీ హక్కుల సేవ అవుతుంది? అది కేవలం హక్కును హరించడమే. మేమూ ఇందుకు అతీతులం కాము. కొన్నేళ్ల క్రితం ఇంటర్నెట్‌లో దొరికిన ఒక ఫొటోను ఎవరిదో విచారించకుండా ముద్రించాం. ఫొటో తీసిన యువకుడు ఉత్తరం రాశాక క్షమాపణ ప్రచురించి, పారితోషికం చెల్లించాం. ఆ సిగ్గు మాకు మంచి పాఠం నేర్పింది.

మాట ఎవరిదో చెప్పడం మన సంప్రదాయానికి కొత్త కాదు. హదీసు విద్యలో సనద్ లేని మాటకు విలువ లేదు. ఎవరి నుండి విన్నారు, వారు ఎవరి నుండి విన్నారు అని గొలుసు మొత్తం చెప్పిన తరువాతే మూలవాక్యం వస్తుంది. వినవచ్చిన కబురును విచారించి తెలుసుకోమని ఖురాన్ ఆదేశిస్తుంది. ఈ రెండింటినీ పాటించే సముదాయం ఫార్వర్డ్ చేసిన సందేశం ఎక్కడ పుట్టిందో కూడా చూడకుండా పంచడం తగునా?

కనుక రాసే సోదర సోదరీమణులకు మా సూచనలు ఇవి. ఉదహరించేటప్పుడు పత్రిక పేరు, తేదీ, విలేకరి పేరు ఉంటే ఆ పేరు తప్పక రాయండి. ఇంటర్నెట్‌లో ఉన్న వార్త అయితే లింకు ఇవ్వండి. మీ జవాబుకు అవసరమైన వాక్యాలనే తీసుకోండి, మిగిలిన విషయాన్ని మీ మాటల్లో చెప్పండి. వాక్యాన్ని మధ్యలో తుంచి అర్థం మార్చకండి. ఎదుటివారు మన మాటకు ఆ పని చేస్తే మనకు ఎంత నొప్పి కలుగుతుందో గుర్తుంచుకోండి. ఫొటోలు, వీడియోల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అలంకారం కోసం ఎప్పుడూ వాడవద్దు. విమర్శించదలచినది ఆ దృశ్యాన్నే అయితే, అవసరమైనన్ని సెకన్ల మేరకే చూపండి. మీరు విమర్శించే వార్త ప్రతిని దాచుకోండి, ఇంటర్నెట్‌లో వార్తలు రాత్రికి రాత్రి మారిపోతాయి.

తాఖీదు వస్తే వెంటనే తొలగించకండి, నిర్లక్ష్యమూ చేయకండి. అందులో నిజం ఉందా అని మొదట మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి. హద్దు దాటి ఉంటే మర్యాదగా సరిదిద్దుకోండి. దాటలేదని నమ్మకముంటే, 52వ సెక్షన్‌ను పేర్కొంటూ రాతపూర్వకంగా సమాధానం ఇవ్వండి. యూట్యూబ్ స్ట్రైకుకు ప్రతి నోటీసు ఇచ్చే మార్గం ఉంది. ఆధారం లేకుండా దావా వేస్తామని బెదిరించేవారి మీద బాధితుడే కోర్టును ఆశ్రయించవచ్చునని కాపీరైట్ చట్టం 60వ సెక్షన్ చెబుతున్నది. ఈ సెక్షన్ ఉన్నదన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారు, మహిళలు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించవచ్చు. మన జమాత్‌లలో, సంఘాల్లో ఉన్న న్యాయవాదులు నెలకు ఒక్కరోజు ఇటువంటి పిల్లలకు కేటాయిస్తే ఎన్నో భయాలు తీరిపోతాయి.

పత్రికా యాజమాన్యాలకూ ఒక మాట. మీ వార్తలో తప్పు ఉందని ఒక పాఠకుడు చూపితే, తాఖీదు పంపకముందు ఆ తప్పు నిజమో కాదో చూడండి. నిజమైతే సవరణ ప్రచురించండి. తనపై వచ్చిన వార్తకు సమాధానమిచ్చే అవకాశం పాఠకుడికి ఉండాలన్నది ప్రెస్ కౌన్సిల్ నియమావళిలోనూ ఉంది. మీరే ఆ చోటు ఇచ్చి ఉంటే, చిట్యాల దుకాణదారు తన ఫేస్‌బుక్ పేజీని ఆశ్రయించవలసిన అవసరమే రాదు. కాపీరైట్ మీ శ్రమకు రక్షణ. మీ పొరపాటుకు అది కవచం కాకూడదు.

ఇతరులకు చెప్పినది ముందు మేమే పాటించాలి. ఈ సంచిక నుండి మా వ్యాసాలను విమర్శ కోసం గానీ, జవాబు కోసం గానీ ఎవరైనా, మా అభిప్రాయాలను వ్యతిరేకించేవారైనా, పత్రిక పేరు చెప్పి నిరభ్యంతరంగా ఉదహరించవచ్చు. ఒక్క పైసా చెల్లించనవసరం లేదు. పూర్తి వ్యాసాన్ని పునర్ముద్రించదలచినవారు మాత్రం రచయిత అనుమతి తీసుకోవాలి. ఇతరుల పూర్తి వ్యాసాన్ని గానీ, ఫొటోను గానీ మేము ప్రచురించినప్పుడు అనుమతి తీసుకొని, మా శక్తి మేరకు పారితోషికం చెల్లిస్తాం.

చిట్యాల సోదరునికి మా జవాబు ఇదే. మీరు చేసినది దొంగతనం కాదు, మీ హక్కు. ఆ నాలుగు వాక్యాలనూ, మీ జవాబునూ, మీ దగ్గరున్న కాగితాల నకళ్లనూ మాకు పంపండి. మా న్యాయవాద మిత్రులు వాటిని పరిశీలిస్తారు. అవి సక్రమంగా ఉంటే, ఆ పత్రిక వివరణతో సహా వచ్చే సంచికలో ప్రచురిస్తాం. మీ ఇంట్లోవారికి కూడా చెప్పండి, ఈసారి మీరు ఒంటరిగా లేరని.